ఇంటర్ ఫలితాల నుంచి కాకినాడ సీటు దాకా: నా అనుభవం

మా అమ్మాయి ఇంటర్మీడియట్ ఎంపీసీ రాసిన పద్ధతిలో మొత్తం మార్కులు వెయ్యి. మొదటి సంవత్సరానికి 470, రెండో సంవత్సరానికి 530. ఫలితాలు వచ్చిన రోజున వీధిలో కనిపించిన వారైనా, ఫోను చేసిన బంధువులైనా అడిగేది ఆ వెయ్యిలో ఎన్ని వచ్చాయనే. అయితే ఇంజినీరింగ్ సీటు విషయంలో ఆ వెయ్యిలో లెక్కకు వచ్చేవి గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రాలకు చెందిన 600 మార్కులే. ఇంగ్లీషు, సంస్కృతం మార్కులు ఎంత ఎక్కువగా ఉన్నా ర్యాంకులో వాటికి చోటు లేదు. పోనీ ఆ 600కైనా పూర్తి విలువ ఉంటుందా అంటే, ర్యాంకులో వాటి వాటా 25 శాతం. మిగిలిన 75 శాతం ఈఏపీసెట్ అనే ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష మార్కులది. 2025లో మా పెద్దమ్మాయి సీటు కోసం ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మేము పడిన ప్రయాసలో ఇలాంటి సంగతులు ఒక్కొక్కటిగా తెలిసివచ్చాయి. మా వంటి కుటుంబాలకు వీటిని ముందుగా కూర్చోబెట్టి చెప్పేవారు తక్కువ కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది తణుకుకు దగ్గరలో ఒక పల్లె. నేను రైసు మిల్లులో గుమాస్తాగా చేస్తాను. దానితోపాటు రెండెకరాలు కౌలుకు చేసుకుంటాం. మా ఇంట్లో ఇంజినీరింగ్ దాకా వెళ్లిన మొదటి మనిషి మా అమ్మాయే.

ఫలితాలు ఏప్రిల్ 12న, శనివారం ఉదయం 11 గంటలకు విడుదలయ్యాయి. అవి దాళ్వా కోతల రోజులు. మిల్లు ఆవరణలో ధాన్యం ట్రాక్టర్లు వరుసగా ఆగి ఉంటే నేను ఒక్కొక్క లోడు నుంచి గుప్పెడు గింజలు తీయించి, తేమ శాతం చూసి పుస్తకంలో రాసుకుంటున్నాను. ఆ ఏడాది ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో కూడా ఫలితాలు ఇవ్వడం వల్ల నెట్ సెంటరుకు పరుగెత్తవలసిన అవసరం రాలేదు. అమ్మాయే ఇంటి దగ్గర హాల్‌టికెట్ నంబరు కొట్టి చూసుకుని నాకు ఫోను చేసింది. "నాన్నా, 941 వచ్చాయి. మేథ్స్ టూ బీలో 75కి 75. కెమిస్ట్రీ మాత్రం తగ్గింది, 60కి 47" అని చెప్పింది. నేను సంతోషంగా మాట్లాడుతున్నా దాని గొంతులో ఆ పదమూడు మార్కుల బెంగే వినిపించింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన వారిలో సగం మంది రీవెరిఫికేషన్ పెట్టమన్నారు. ఆ ఏడాది పేపరుకు 1,300 రూపాయలు కడితే జవాబు పత్రాన్ని మళ్లీ పరిశీలించి, దాని స్కాన్ కాపీ ఇచ్చేవారు. డబ్బు సంగతి అలా ఉంచి, దాని వల్ల ర్యాంకుకు ఎంత మేలు జరుగుతుందో లెక్క కట్టి చూద్దామని ఇద్దరం కూర్చున్నాం. ఇంటర్ గ్రూపు మార్కులు 600కు వెయిటేజీ 25, అంటే ఒక్క మార్కు విలువ సుమారు 0.04. ఈఏపీసెట్ 160 మార్కులకు వెయిటేజీ 75, అంటే ఒక్క మార్కు విలువ సుమారు 0.47. ఈఏపీసెట్‌లో ఒక్క మార్కు ఇంటర్‌లో పదకొండు మార్కులకు సమానమన్నమాట! రీవెరిఫికేషన్‌లో అయిదు మార్కులు కలిసినా ఈఏపీసెట్‌లో అర మార్కు ఎత్తుకు రాదు. పైగా పేపరు తానే రాసింది కాబట్టి ఏ ప్రశ్న వదిలేసిందో దానికి తెలుసు. ఆ కాగితం చూశాక అమ్మాయి బెంగ తగ్గింది; మరునాడు పొద్దున్నే కెమిస్ట్రీ పుస్తకం తీసింది. ఎవరైనా ఫలితాల రోజున బిడ్డను ఓదార్చాలనుకుంటే ఈ లెక్క వేసి చూపించమని నా సలహా.

అదే రోజు మా వీధిలో ఒక అబ్బాయి ఫిజిక్స్‌లో తప్పాడు. వాళ్ల అమ్మ వాడిని ఒంటరిగా ఉండనివ్వకుండా ఆ రాత్రి మా ఇంటికి తీసుకువచ్చింది. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ మే నెలలోనే ఉంటుందని, అందులో గట్టెక్కితే సంవత్సరం పోదని, మిగతావారితోపాటే డిగ్రీకో ఇంజినీరింగుకో వెళ్లవచ్చని చెప్పి పంపాం. వాడు గట్టెక్కాడు కూడా. ఫలితాల రోజున పాసైన పిల్లల ఇళ్లకు వెళ్లినట్టే తప్పిన పిల్లల ఇళ్లకూ పెద్దలు వెళ్లాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మాకు అరగంట దూరంలో, తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ (జాతీయ సాంకేతిక విద్యాసంస్థ) ఉంది. అందులో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలవే అయినా అక్కడికి దారి జేఈఈ మెయిన్ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష. అందులో మా అమ్మాయికి వచ్చిన ర్యాంకు సరిపోలేదు. అందువల్ల మా ఆశ అంతా ఈఏపీసెట్ మీదే పెట్టుకున్నాం. దాన్ని మా ఊళ్లో ఇప్పటికీ ఎంసెట్ అనే అంటారు. ఆ ఏడాది పరీక్షను కాకినాడ జేఎన్‌టీయూ నిర్వహించింది. ఇంజినీరింగ్ విభాగానికి మే 21 నుంచి 27 వరకు విడతలవారీగా జరిగింది. మూడు గంటలు, 160 ప్రశ్నలు, అందులో సగం గణితమే. తప్పు జవాబుకు మార్కు తీసివేయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. అమ్మాయి భీమవరంలో రాసింది. జూన్ 8న ఫలితాలు వచ్చాయి. ర్యాంకు ఇరవై వేల లోపు.

ర్యాంకు వచ్చిన మరునాటి నుంచి ఇంటికి మనుషులు రావడం మొదలైంది. ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు పిల్లల ఫోను నంబర్లు ఎక్కడ సంపాదిస్తారో తెలియదు గాని, పేరు, ర్యాంకు, రాసిన కేంద్రంతో సహా చెబుతూ గుమ్మంలోకి వస్తారు. ఒకాయన చాలా మర్యాదగా మాట్లాడి, మంచినీళ్లు తాగి, "ఆయ్, మీరేం కంగారు పడకండి మాస్టారూ. హాల్‌టికెట్, ఫోనుకొచ్చే ఓటీపీ నాకిస్తే చాలు, కాలేజీల ఆప్షన్లు మేమే పెట్టేస్తాం. అమ్మాయికి బస్సు ఫీజులో తగ్గింపు కూడా ఇప్పిస్తాను" అన్నారు. ఇంకొకరు మేనేజ్‌మెంట్ కోటాలో ఇప్పుడే చేర్చేస్తే సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) ఖాయమని, తర్వాత దొరకదని భయపెట్టారు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరిన వారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదని ఆయన చెప్పలేదు. ఇది మేమే విచారించి తెలుసుకున్నాం. ఓటీపీ వేరొకరి చేతికి ఇచ్చామంటే బిడ్డ నాలుగేళ్ల చదువు ఎక్కడ జరగాలో నిర్ణయించే అధికారం ఇచ్చేసినట్టే. మా పక్క ఊరిలో ఒక కుటుంబం అలా ఇచ్చి, అలాట్‌మెంట్ రోజున తాము కోరని కాలేజీ పేరు చూసి ఏమీ చేయలేక ఊరుకుంది. అందుకే మేము రిజిస్ట్రేషన్‌కు నా ఫోను నంబరు ఒక్కటే ఇచ్చాం. పాస్‌వర్డ్ అమ్మాయి ఒక్కతికే తెలుసు.

జులైలో సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ మొదలైంది. ఆ ఏడాది ప్రాసెసింగ్ ఫీజు ఓసీ, బీసీలకు 1,200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600. ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి, సర్టిఫికెట్ల వివరాలు నింపితే పరిశీలన కూడా ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. ఏదైనా తేడా ఉంటేనే హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లాలి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, కుల ధ్రువపత్రం మా దగ్గర ఉన్నాయి. ఆదాయ ధ్రువపత్రం బదులు తెల్ల రేషన్ కార్డు సరిపోయింది. మమ్మల్ని తిప్పినవి స్టడీ సర్టిఫికెట్లు.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు ఎందుకు అడుగుతారో చాలామందికి తెలియదు. మన రాష్ట్రంలో సీట్లు 85 శాతం స్థానికులకు చెందుతాయి. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా పాత జిల్లాలన్నీ ఆంధ్రా యూనివర్సిటీ పరిధి, నెల్లూరు, రాయలసీమ జిల్లాలు శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ పరిధి. విద్యార్థి ఏ పరిధికి స్థానికుడో చెప్పేది పుట్టిన ఊరు కాదు, చదివిన బడి. మా అమ్మాయి ఆరు, ఏడు తరగతులు చదివిన చిన్న ప్రైవేటు బడి తర్వాత మూతపడింది. దాన్ని నడిపిన వారు ఊరు విడిచి వెళ్లిపోయారు. అడగగా అడగగా, మూతపడిన బడుల రికార్డులు మండల విద్యాశాఖాధికారి కార్యాలయానికి చేరతాయని ఒక విశ్రాంత హెడ్‌మాస్టరు గారు చెప్పారు.

అక్కడి ఉద్యోగి గోడ వారగా పేర్చిన అడ్మిషన్ రిజిస్టర్లను ఒక్కొక్కటిగా దించి, దుమ్ము దులిపి, మా ముందు బల్ల మీద పెట్టారు. పొడవాటి పుస్తకాలు, చెదలు తిన్న అంచులు, నీలి సిరాతో రాసిన పేర్లు. ఆయన వేలు ఒక్కొక్క వరుస మీదుగా కిందికి జారుతుంటే మా అమ్మాయి మెడ చాచి చూస్తూ, తన పేరు కంటే ముందు తన స్నేహితురాళ్ల పేర్లు గుర్తుపట్టి చదువుతూ వచ్చింది. చివరికి తన పేరు, నా పేరు, చేరిన తేదీ కనిపించాయి. ఆయన ఓపికగా సర్టిఫికెట్ రాసి, సంతకం కోసం మమ్మల్ని లోపలికి పంపారు. ఆ ఉద్యోగికి మేము ఎంతో రుణపడి ఉన్నాం. ఆ కాగితం దొరకడం ఆలస్యమైతే ఆప్షన్లు పెట్టే గడువు దాటిపోయేది.

ఇక అసలు విషయం ఆప్షన్లు, అంటే కోరుకునే కాలేజీలు, బ్రాంచీల వరుస జాబితా. అమ్మాయికి సివిల్ ఇంజినీరింగ్ చదవాలని ఉంది. ఇది నిన్న మొన్నటి కోరిక కాదు. మేము కౌలుకు చేసే చేను మురుగు కాలువ పక్కనే ఉంటుంది. వానాకాలపు పంట సార్వాలో గట్టి వాన పడితే, కాలువలో గుర్రపుడెక్క, పూడిక అడ్డుపడి చేలో నీళ్లు రోజుల తరబడి దిగవు, నాట్లు కుళ్లిపోతాయి. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయి, ఆ కాలువలతో పది లక్షల ఎకరాల డెల్టా పచ్చగా ఉందని బడిలో చెప్పారు కదా, మరి వచ్చిన నీరు పోయే దారి ఎందుకు సరిగా లేదని అది ఎనిమిదో తరగతిలోనే నన్ను అడిగింది. నాకు జవాబు తెలియలేదు. మా ఊళ్లో ఉండే విశ్రాంత లాకు సూపరింటెండెంటు గారి దగ్గరికి తీసుకువెళ్తే, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు దాన్ని లాకుల దగ్గరికి పిలిచి, తలుపులు ఎలా పనిచేస్తాయో, గట్టుకు వాలు ఎందుకు ఉంచుతారో చూపించారు. ఆ వేసవి నుంచి దాని మనసు ఆ పని మీదే ఉంది.

బంధువులకు ఇది నచ్చలేదు. మా బావమరిది హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు, లోకం తెలిసినవాడు, మేనకోడలంటే ప్రాణం. "బావా, ఆడపిల్లకి సివిలేంటి? ఈ ర్యాంకుకి మంచి ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ వస్తుంది. నాలుగేళ్లు తిరిగేసరికి ఉద్యోగం. సైట్ల మీద ఎండలో ఎందుకు?" అన్నాడు. అతను చెప్పినదానిలో అబద్ధం లేదు. క్యాంపస్ ఉద్యోగాలు ఆ వైపే ఎక్కువ. నేను రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. అమ్మాయి మాత్రం, "మావయ్యా, నాకు ప్రోగ్రాములు రాయడం మీద ఇష్టం లేదు. ఇంటర్లో నేర్పినప్పుడే తెలిసింది. కాలువల పని, వంతెనల పని నేర్చుకోవాలని ఉంది. ప్రభుత్వ ఇంజినీరు ఉద్యోగానికి ఏఈఈ పరీక్ష రాస్తాను" అని మెల్లగా, తడబడకుండా చెప్పింది. అంత స్పష్టంగా చెప్పిన బిడ్డ మాటను పక్కన పెట్టే హక్కు నాకు లేదనిపించింది. లెక్కలు రాసుకునే మనిషిని కాబట్టి నష్టభయం లేకుండా ఆ మాటను ఎలా నిలబెట్టాలా అని ఆలోచించాను.

ఆప్షన్ల జాబితాను యంత్రం ఎలా చదువుతుందో అర్థం చేసుకుంటే భయం సగం పోతుంది. ర్యాంకు ప్రకారం మన వంతు వచ్చినప్పుడు అది మన మొదటి ఆప్షన్ చూస్తుంది; అక్కడ మన కోటాలో సీటు ఖాళీ లేకపోతే రెండోది, తర్వాత మూడోది. ఎక్కడ దొరికితే అక్కడ ఆగిపోతుంది, దాని కింద ఉన్నవాటి వైపు చూడదు. కాబట్టి అందదనిపించే కాలేజీని పైన పెట్టినంత మాత్రాన కిందివాటికి నష్టం ఏమీ లేదు. నష్టమల్లా తక్కువ ఇష్టమైనదాన్ని పైన పెట్టడంలోనే ఉంది. అది దొరికిందంటే దాని కింద ఉన్న మనసైనది పోయినట్టే. ఎన్ని ఆప్షన్లయినా ఇవ్వవచ్చు. చాలామంది నాలుగైదు ఇచ్చి ఊరుకుంటారు, సీటు రాక బాధపడతారు.

ముందటి సంవత్సరం ఏ కాలేజీలో ఏ బ్రాంచి, ఏ వర్గంలో, బాలురకు బాలికలకు విడివిడిగా ఏ ర్యాంకు దగ్గర ఆగిందో వెబ్‌సైటులో ఉంటుంది. అమ్మాయిలకు ప్రతి వర్గంలోనూ మూడో వంతు సీట్లు ఉంటాయి కాబట్టి ఆ వరుసే చూడాలి. మిల్లు నుంచి ఒక కొత్త చిట్టా పుస్తకం తెచ్చి నిలువు గీతలు గీసి ఇచ్చాను. కాలేజీ కోడ్, బ్రాంచి, ముందటి సంవత్సరం చివరి ర్యాంకు, ఇంటి నుంచి దూరం, ఫీజు అని అమ్మాయి దాన్ని నింపింది. మొదట కాకినాడ జేఎన్‌టీయూ యూనివర్సిటీ కాలేజీలో సివిల్, తర్వాత విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ కాలేజీలో సివిల్, ఆ తర్వాత భీమవరం కాలేజీల్లో సివిల్, వాటి కింద తాను చదవగలనన్న మెకానికల్, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), అట్టడుగున మావయ్య మాట కోసం దగ్గరి కాలేజీల సీఎస్ఈ. ముందు పుస్తకంలో సిరాతో రాసుకుని, ఆ తర్వాతే తెర మీద ఎక్కించాం. గడువు చివరి రోజు సర్వరు నెమ్మదిస్తుందని విని, ఒక రోజు ముందే సేవ్ చేసి ప్రింటు తీసుకున్నాం.

మొదటి విడతలో భీమవరంలో ఒక కాలేజీలో సివిల్ వచ్చింది. ఇంటికి దగ్గర, బస్సు ఉంది, మా ఆవిడ ఊపిరి పీల్చుకుంది. సీటు ఒప్పుకుంటున్నట్టు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, కాలేజీకి వెళ్లి చేరాం. రెండో విడతకు వెళ్లాలా వద్దా అన్నది ఇంకొక చర్చ. ఇక్కడ తప్పనిసరిగా తెలుసుకోవలసిన నిబంధన ఒకటి ఉంది. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు ఇచ్చి వాటిలో ఏది వచ్చినా, మొదటి సీటు దానంతట అదే రద్దయి వేరొకరికి పోతుంది. వెనక్కి వెళ్లడం కుదరదు. ఏదీ రాకపోతే మాత్రం మొదటిది అలాగే ఉంటుంది. కాబట్టి రెండో విడతలో ఉన్న సీటు కంటే నిజంగా మెరుగైనవి మాత్రమే పెట్టాలి. అమ్మాయి రెండే పెట్టింది: కాకినాడ, విశాఖ. ఐఐటీ, నిట్‌లలో సీట్లు వచ్చినవారు వెళ్లిపోవడం వల్ల కొన్ని ఖాళీలు ఏర్పడతాయని మా ఆశ. కాకినాడ వచ్చింది.

1946లో విశాఖలో మొదలై తర్వాత కాకినాడకు తరలిన కాలేజీ అది. 2008లో జేఎన్‌టీయూ కాకినాడ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి నుంచి దాని సొంత కాలేజీగా ఉంది. ఫీజు మా అంచనాలో ప్రైవేటు కాలేజీ కంటే బాగా తక్కువ. చేరిన రోజు బావమరిది సెలవు పెట్టుకుని వచ్చి, మేనకోడలి పెట్టె తానే మోశాడు. ఒరిజినల్ టీసీ తీసుకుని రసీదు ఇచ్చారు. ఇచ్చే ముందే ప్రతి కాగితానికీ రంగుల నకళ్లు, ఫోనులో స్కాన్‌లు సిద్ధం చేసుకోవడం మంచిదైంది, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు, హాస్టలుకు, బ్యాంకు ఖాతాకు మళ్లీ అవే అడిగారు. హాస్టలులో గది కేటాయించేదాకా అమ్మాయి తోటి విద్యార్థినులతో అద్దె గదిలో ఉంది. మొదటి సెమిస్టరులో సర్వేయింగ్ ఇంకా రాలేదని ఫోనులో కొంచెం నిరాశగా చెప్పింది.

మా మిల్లులో హమాలీగా చేసే ఆయన కొడుకు ఈ ఏడాది ఇంటర్ రాస్తున్నాడు. వాడూ అదే మూతపడిన బడిలో రెండేళ్లు చదివాడు. ఫలితాల దాకా ఆగకుండా సంక్రాంతి సెలవులు కాగానే తండ్రీకొడుకులను వెంటబెట్టుకుని మండల విద్యాశాఖాధికారి కార్యాలయానికి వెళ్లి, స్టడీ సర్టిఫికెట్ తీయించాను. చిట్టా పుస్తకంలో మా అమ్మాయి రాసిన కాలేజీ కోడ్‌లు, చివరి ర్యాంకుల పేజీలు వాడి దగ్గరే ఉన్నాయి.